లారీ ఎడమ పక్క

దయ్యాల కథలు చెప్పేవాళ్ళు ఎదురైతే పక్క సందులోకి తప్పుకునే మనిషిని నేను. మాది హైదరాబాదు కార్వాన్‌లో పాడి ఇల్లు. చిన్నప్పటి నుంచీ చీకటి విడవకముందే లేచి, స్మశానం గోడ వెంబడి గడ్డిమోపులు మోసుకొచ్చాను. అక్కడ నాకు కుక్కలు తప్ప ఇంకెవరూ ఎదురుపడలేదు. గల్లీలో ఎవరికైనా పూనకం వస్తే మా అమ్మ దండం పెట్టుకునేది, నేను పనుందని లేచిపోయేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది విని మీరూ లేచిపోతే నాకేం కోపం రాదు. మీ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.

ఇది రెండో ప్రపంచ యుద్ధం రోజుల నాటి మాట. పెట్రోలు దొరక్క లారీలు బొగ్గు గ్యాసుతో నడిచిన కాలం. బండి వెనక ఒక పెద్ద ఇనప పీపా బిగించేవాళ్ళు. దాంట్లో బొగ్గు రాజేస్తే వచ్చే గ్యాసుతో ఇంజను నడవాలి. నడవడం అని మర్యాదకు అంటున్నాను. కాస్త ఎత్తు ఎక్కాలన్నా మా బండి ముసలి గేదెలా మూలిగేది. ఒకసారి ఇంజను ఆగిందంటే మళ్ళీ బొగ్గు కెలికి, విసిరి, రాజేసి, హ్యాండిలు తిప్పేసరికి ప్రాణం పోయేది. అందుకే దారిలో ఏం జరిగినా ఇంజను ఆపవద్దని మా సేటు గట్టిగా చెప్పి ఉంచాడు. ఆపిన ఒక డ్రైవరుకు మర్నాడు బండి ఇవ్వలేదు కూడా.

ఆ లారీల గురించి ఇంకో సంగతి చెప్పాలి. డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. మా బండికి ఉన్నది ఒకటే అద్దం, అదీ కుడి పక్కనే. ఎడమ పక్క చెక్కల వెంబడి ఏముందో, వెనక చక్రం దగ్గర ఎవరున్నారో సీట్లో కూర్చున్నవాడికి తెలిసే దారే లేదు. సైకిళ్ళు, నడిచేవాళ్ళు, తట్టలెత్తుకున్న ఆడవాళ్ళు, అందరూ పోయేది ఆ పక్క నుంచే. మేమంతా హారన్ మీద భరోసా పెట్టుకుని బతికేవాళ్ళం. హారన్ కొట్టామంటే మా పని అయిపోయినట్టే, తప్పుకోవడం వాళ్ళ పని.

మా తమ్ముడు మల్లేశానికి హారన్ వినబడదు. చిన్నప్పుడు వచ్చిన జ్వరం వాడి చెవులను తీసుకుపోయింది, వాటితోపాటు మాటనూ తీసుకుపోయింది. వాడికి అదేం లోటుగా ఉండేది కాదు. సైకిలుకు రెండు పక్కలా పాల క్యాన్లు కట్టుకుని ధూల్‌పేట్ నుంచి నయాపూల్ దాకా ఇళ్ళకు పాలు పోసి వచ్చేవాడు. టాంగాలు, ఎడ్లబండ్లు, లారీలు, అన్నిటి మధ్యలోంచి ఈల వేసుకుంటూ పోయేవాడు. తన ఈల తనకు వినబడదు కదా, మరి ఎందుకు వేసేవాడో నాకు తెలియదు.

నాకు లారీ చేతికొచ్చిన రోజు ఇంట్లో అందరూ సంతోషపడ్డారు, అమ్మ తప్ప. అన్నం పెడుతూ ఒకే మాట అంది. "నువ్వు లారీ తోల్తవ్, వాడు లారీల నడుమ సైకిల్ తొక్కుతడు. నాకు నిద్రెట్ల వడ్తది బిడ్డా?" నేను నవ్వేశాను. ఆ మాట మాత్రం మనసులో ఉండిపోయింది. సీట్లో కూర్చున్నప్పుడల్లా దూరంగా ఏ సైకిలు కనబడినా అది మావాడిదేనేమోనని చూసేవాణ్ణి.

ఆ లారీ నాకంటే ముందు సామేలు కాకాది. సేటుదే అనుకోండి, కానీ ఎన్నో ఏళ్ళుగా నడిపింది ఆయనే కాబట్టి అందరూ సామేలు బండి అనేవాళ్ళు. డ్రైవింగ్ నాకు నేర్పింది కూడా ఆయనే. పొట్టి మనిషి, పెద్ద అరచేతులు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చికి పోయేవాడు. మిగతా రోజుల్లో ఒంటినిండా బొగ్గు మసే.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఆగిన బండిని కదిలించేముందు, సందులోకి ఎడమకు తిప్పేముందు, కిందికి దిగి బండి చుట్టూ ఒక చుట్టు తిరిగేవాడు. తిరుగుతూ అరచేత్తో బండిని తట్టేవాడు. ముందు ఎడమ మడ్‌గార్డు మీద ఒకటి, తర్వాత ఎడమ చెక్కల మీద వరసగా, వెనక్కి వెళ్ళి అక్కడి తలుపు గొలుసును ఒకసారి గలగలమనిపించి, కుడి చెక్కలు తట్టుకుంటూ వచ్చి, చివరికి తన తలుపు మీద ఒక్కటి కొట్టి ఎక్కేవాడు. తిప్పేటప్పుడు క్లీనరును ఎడమ పక్క నిలబెట్టేవాడు. వాడు చెయ్యి ఊపితేగానీ బండి కదిలేది కాదు.

బజారంతా ఆయన్ని ఆటపట్టించేది. "ఏం సామేలూ, అయితారం చర్చికి పోతివి, సోమవారం లారీకి ప్రదక్షిణ జేస్తివి, గిదేంది?" అని అడిగేవాళ్ళు. ఆయన ఎప్పుడూ సూటిగా జవాబు చెప్పలేదు. "నడుం పట్టింది, నాలుగడుగులు ఏస్తున్న" అనేవాడు. నేను కూడా దాన్ని భక్తే అనుకున్నాను. ఏ మొక్కో ఉండి ఉంటుంది, క్రైస్తవుడు కాబట్టి బయటకు చెప్పడం లేదు అనుకున్నాను. సేటు సంగతి సరేసరి. బండికి దిష్టి తగలకుండా సామేలు చూసుకుంటున్నాడని మురిసిపోయేవాడు.

మల్లేశం ఆయనకు ఒక సైగ పెట్టాడు. వాడికి మనుషులందరికీ ఒక్కో సైగ ఉండేది. అమ్మకు నుదుటి మీద బొట్టు, నాకు స్టీరింగు. కాకాకు మాత్రం చూపుడువేలు పైకెత్తి గాల్లో ఒక గుండ్రం గీసేవాడు. కాకా వాణ్ణి దారిలో చూస్తే తనూ ఆ గుండ్రం గీసి చూపించేవాడు. ఇద్దరూ దూరం నుంచే నవ్వుకునేవాళ్ళు.

ఒక వానాకాలం కాకాకు రొమ్ము పట్టేసింది. కొన్నాళ్ళు మంచంలో ఉండి, ఇంట్లోనే పోయాడు. మట్టి వేయడానికి నేనూ మల్లేశమూ వెళ్ళాం. వాడు గుప్పెడు మట్టి వేసి, ఆ గుంత మీద గాల్లో ఒక గుండ్రం గీశాడు. చూసినవాళ్ళకు ఏం అర్థమైందో తెలియదు గానీ నాకు మాత్రం ఏడుపు వచ్చింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, కాకా పోయాడని మల్లేశానికి తెలుసు. తెలియక పొరబడ్డాడని ఎవరూ అనుకోకూడదు.

బండి నాకిచ్చారు. క్లీనరుగా ఖాసిం భాయ్ ఉన్నాడు. నాకంటే పెద్దవాడు, నమాజు వేళ తప్పనివాడు, అబద్ధం ఆడితే మీసం వణికే మనిషి. నేను చుట్టూ తిరిగే అలవాటు పెట్టుకోలేదు. అది కాకా మొక్కు, నాకేం సంబంధం? హారన్ ఉంది, ఖాసిం ఉన్నాడు, ఇంకేం కావాలి?

మొదటిసారి కార్వాన్ గోదాము ముందర విన్నాను. పొద్దున పూట, ఎండ కాస్తోంది. బస్తాలు ఎక్కించారు, ఇంజను అందుకుంది, గేరు వేయబోతున్నాను. ఎడమ మడ్‌గార్డు మీద ఠప్ మని ఒక దెబ్బ. ఖాసిం ఏదో చెబుతున్నాడనుకుని ఆగాను. తర్వాత ఎడమ చెక్కల మీద వరసగా చప్పుడు. గొలుసు గలగల. కుడి చెక్కల మీద నా వైపుకు వస్తోంది. చివరికి నా తలుపు మీద ఒక్కటి. తల బయటపెట్టి చూస్తే అక్కడ ఎవరూ లేరు. ఖాసిం గోదాము గడపలో కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నాడు.

నేను భయపడలేదు. కోపం వచ్చింది. ఎవడో హమాలీ ఆటలాడుతున్నాడని దిగి అందరినీ తిట్టాను. వాళ్ళు నా మొహం చూసి నవ్వారు.

తర్వాత అది అలవాటైపోయింది. ప్రతిసారీ కాదు. బండి ఆగి మళ్ళీ కదలాల్సి వచ్చినప్పుడు, అందులోనూ ఎడమకు తిప్పాల్సినప్పుడు. ఖాసింతో చెబితే, "గ్యాస్ దిమాగ్‌కు ఎక్కింది భాయ్, కిటికీ తెరిచి పెట్టుకో" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. బొగ్గు గ్యాసు పీల్చి సీట్లోనే సోలిపోయిన డ్రైవర్లు ఉన్నారు. లేనివి కనబడ్డాయని చెప్పినవాళ్ళూ ఉన్నారు. నేను కిటికీలు తెరిచి నడిపాను. మధ్యమధ్య దిగి గాలి పీల్చుకున్నాను. పీపా అతుకులన్నీ బాగు చేయించాను. అయినా చప్పుడు వచ్చేది.

ఒకనాడు ఖాసిం నా పక్కనే కూర్చుని ఉన్నాడు. నాకు మొత్తం చుట్టు వినబడింది. ఆయనకు చెక్కల చప్పుడు వినబడలేదట. గొలుసు మాత్రం విన్నానన్నాడు. గాలి లేదు, బండి కదలలేదు, గొలుసు ఎందుకు మోగిందో ఇద్దరం వెళ్ళి చూశాం. ఇంకా కొంచెం ఊగుతోంది. ఆయన ఏదో చదువుకుని తన ఛాతీ మీద ఊదుకున్నాడు. మర్నాడు ఒక తాయెత్తు తెచ్చి అద్దానికి కట్టాడు. దాని గురించి మేము మళ్ళీ మాట్లాడుకోలేదు.

నిజం చెప్పాలంటే కొన్నాళ్ళకు ఆ చప్పుడంటే నాకు చికాకు పోయింది. నా తలుపు మీద ఆ చివరి దెబ్బ పడ్డాకే గేరు వేసేవాణ్ణి. చప్పుడు రాని రోజు ఏదో వెలితిగా ఉండేది. ఇదంతా బయట చెబితే సేటు బండి లాక్కుంటాడు, అమ్మ భూతవైద్యుణ్ణి పిలుస్తుంది. కాబట్టి నోరు మూసుకున్నాను.

ఇక ఆ రోజు.

ధూల్‌పేట్‌లో వినాయక బొమ్మలు చేసేవాళ్ళకు బంకమట్టి తీసుకుపోతున్నాం. పండుగ దగ్గరికొచ్చింది. గల్లీ రెండు పక్కలా ఇంకా రంగు పడని బొమ్మలు ఎండలో ఆరుతున్నాయి. పొద్దు బాగా ఎక్కింది, జనం మస్తుగా ఉన్నారు. మేము ఎడమ సందులోకి తిరగాలి. సందు మొగలో ఒక ఎడ్లబండి అడ్డం పడితే ఆగాం. ఖాసిం దిగి ముందుకు వెళ్ళి, జనాన్ని తప్పిస్తూ ఎడ్లబండిని పక్కకు తీయించాడు. దారి అయింది. రమ్మని చెయ్యి ఊపాడు.

నేను హారన్ కొట్టాను. గేరు మీద చెయ్యి వేశాను.

మడ్‌గార్డు మీద చప్పుడైంది. తర్వాత ఎడమ చెక్కలు మొదలయ్యాయి. అలవాటు ప్రకారం ఆగాను. చప్పుడు వెనక్కి పోతోంది. వెనక చక్రం దాకా పోయి ఉంటుంది. అక్కడ ఆగిపోయింది.

గొలుసు చప్పుడు కోసం ఎదురుచూశాను. గొలుసు మోగలేదు.

ఖాసిం మళ్ళీ చెయ్యి ఊపాడు. వెనక టాంగావాలాలు లొల్లి మొదలుపెట్టారు. ఎవడో మా అమ్మను తిట్టాడు. నేను కదలలేదు. ఇంజను కింద దడదడలాడుతోంది. ఇన్నాళ్ళలో ఎప్పుడూ అది మధ్యలో ఆగలేదు. మొదలైతే చుట్టు పూర్తయ్యేది, లేదంటే మొదలే అయ్యేది కాదు. వెళ్ళినవాడు తిరిగి రాలేదన్న భయం నాకు పుట్టింది. ఎవడు వెళ్ళాడు, ఎక్కణ్ణుంచి రావాలి, అవేమీ నేను ఆలోచించలేదు.

ఖాసిం ముందు నుంచి కేక వేశాడు. "క్యా హువా భాయ్? రాస్తా సాఫ్ ఉంది, రా!"

నేను ఇంజను ఆపేశాను.

ఆపగానే గల్లీ అంతా తిట్లు. ఖాసిం తల పట్టుకున్నాడు. నేను దిగి, ముందు నుంచి చుట్టి ఎడమ పక్కకు వెళ్ళాను. చెక్కలకు ఒక సైకిలు ఆనించి ఉంది. పాల క్యాన్లు. ఒక క్యానుకు మూత లేదు.

వెనక చక్రానికి ముందు, బండి కిందికి నడుం దాకా దూరి, ఒక మనిషి బోర్లా పడుకుని ఉన్నాడు. చెయ్యి చాచి దొర్లిపోయిన మూతను అందుకుంటున్నాడు. ఆ చొక్కా నాకు తెలుసు. మోచేతి దగ్గర అమ్మ వేసిన అతుకు తెలుసు. బండి కదిలితే చక్రం మొదట ఎక్కేది వాడి వీపు మీదే.

కాలు పట్టి బయటకు లాగాను. వాడు మూత చేత్తో పట్టుకుని, బురద మొహంతో నన్ను చూసి నవ్వాడు. నేను వాణ్ణి కొట్టాను. తర్వాత గట్టిగా పట్టుకున్నాను. ఖాసిం పరిగెత్తుకొచ్చి చూసి, చక్రం పక్కన కూలబడ్డాడు. తిట్టినవాళ్ళంతా చుట్టూ చేరారు.

లారీ కిందికి ఎట్లా దూరావని సైగ చేసి అడిగాను. మల్లేశం ఆశ్చర్యంగా చూశాడు. నేనెందుకు కంగారు పడుతున్నానో వాడికి అర్థం కాలేదు. వెనక చక్రం పక్కన ఖాళీ చోటును చూపించాడు. అక్కడ మనిషి నిలబడ్డాడన్నట్టు చేతితో ఎత్తు చూపాడు, పొట్టి మనిషి ఎత్తు. తర్వాత అరచేతిని చెక్కకు ఆనించి అట్లాగే ఉంచాడు. బండిని ఆపి పట్టుకున్నట్టు. తర్వాత, నువ్వు తీసుకో, నేనున్నాను అన్నట్టు తల ఊపి చూపాడు.

ఎవరు అని అడిగాను.

వాడు చూపుడువేలు ఎత్తి గాల్లో గుండ్రం గీశాడు.

నేను రెండు చేతులతో మట్టి వేస్తున్నట్టు చూపించాను. పోయాడు కదా, మనమే వెళ్ళాం కదా అని. వాడి చెయ్యి గాల్లోనే ఆగింది. చక్రం వైపు చూశాడు, సందు వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. అప్పుడు వాడి మొహంలో నెత్తురు లేకుండా పోయింది. లారీ కింద ఉన్నప్పుడు పడని భయం వాడు అప్పుడు పడ్డాడు. మూత చేతిలోంచి మళ్ళీ జారింది, ఈసారి దాన్ని నేనే తీశాను.

అక్కడ నిలబడి ముందుకు చూస్తే డ్రైవరు సీటు కనబడలేదు. నా సీట్లోంచి ఈ చోటూ కనబడదు. కాకా అన్నేళ్ళు దేనికి తిరిగాడో నాకు అప్పుడు తెలిసింది. ఆయనది మొక్కూ కాదు, దిష్టీ కాదు. ఇక్కడ ఎవరైనా ఉన్నారేమో చూసుకునేవాడు, అంతే. బండిని తట్టింది కూడా, చెవులు లేనివాడికైనా చెక్క అదిరితే తెలుస్తుందనేమో. మేమంతా ప్రదక్షిణ అని నవ్వాం.

ఇంట్లో అమ్మకు మల్లేశమే సైగలతో మొత్తం చెప్పాడు. అమ్మ ఏడవలేదు. మర్నాటి నుంచి ఒక చెంబు పాలు కాకా భార్య ఇంటికి పంపడం మొదలుపెట్టింది. ఆవిడ ఎందుకని అడగలేదు, మేము చెప్పలేదు.

అప్పటి నుంచి నేనూ తిరిగాను. కదిలే ముందు ఒక చుట్టు, తిప్పే ముందు ఒక చుట్టు, ఎడమ పక్క తప్పకుండా ఒక మనిషి. వెనక గొలుసు పట్టుకుని సైకిళ్ళు లాగించుకునే కుర్రకారును వదిలించి మరీ కదిలేవాణ్ణి. సేటు ఆలస్యమైందని అరిచేవాడు, అరవనిచ్చాను. కాకాను పట్టిన ఎగతాళి నాకూ అంటుకుంది. ఏం యాదగిరీ, ప్రదక్షిణనా అంటే, నడుం పట్టిందనేవాణ్ణి. కొత్తగా స్టీరింగు పట్టినవాళ్ళకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. "హారన్ చెవులున్నోళ్లకే వినవడ్తది. దిగి జూడు." కొందరు విన్నారు.

నా తిరుగుడు మొదలయ్యాక ఆ చప్పుడు ఆగిపోయింది. లేక నా చేతి చప్పుడులో కలిసిపోయిందో, చెప్పలేను.

దీనికి నాకు తోచిన కారణాలన్నీ చూసుకున్నాను. గ్యాసు అనుకుంటే, గొలుసు ఖాసిం విన్నాడు. ఆ రోజు చెక్కలకు తగిలింది సైకిలే అనుకుంటే, అంతకుముందు వారాలుగా తగిలింది ఏమిటి? మల్లేశం కాకా మీద ప్రేమతో ఊహించుకున్నాడనుకుంటే, నేను విన్న సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. నేను విన్నదాన్ని వాడు వినలేడు. వాడు చూసినదాన్ని నేను చూడలేదు. దయ్యాలున్నాయని ఈరోజుకీ నేను అనను. అది కాకా కాదని కూడా అనలేను.

ఇంకొక్క సంగతి ఉంది, దాన్ని నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

యుద్ధం అయిపోయి పెట్రోలు వచ్చాక ఆ పాత బండిని సేటు అమ్మేశాడు. ఆఖరి రోజు గోదాము ముందు దాన్ని నేనే బయటకు తీయాలి. మల్లేశం పాలు పోసి వచ్చి ఎదురుగా అరుగు మీద కూర్చున్నాడు. నేను మామూలుగానే చుట్టు తిరిగి, నా తలుపు మీద ఒకటి కొట్టి, వాడి వైపు చూశాను. ఎందుకు అడగాలనిపించిందో తెలియదు. బండి చుట్టూ ఎంతమంది తిరిగారని సైగ చేశాను.

వాడు నవ్వాడు. రెండు వేళ్ళు చూపించాడు.

నేను వెంటనే ఎక్కలేదు. చుట్టూ తిరిగి వెళ్ళి ఎడమ పక్క తలుపు తీశాను. ఒక మనిషి ఎక్కి సర్దుకుని కూర్చునేంత సేపు దాన్ని పట్టుకుని నిలబడ్డాను. తర్వాత మెల్లగా మూసి, వచ్చి నా సీట్లో కూర్చున్నాను.